మందు మాఱిన వేళ

కాన్పు స్త్రీకి పునర్జన్మ యని మన పెద్దలు చెప్పుచుండిరి. ఆ మాట నేటికిని పాతబడలేదు. మాఱినది కాన్పు జరుగు తీరు మాత్రమే. 2019 మొదలు 2021 వఱకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, దేశమంతటను నూటికి 21.5 కాన్పులు సిజేరియన్ ఆపరేషను మూలమున జరుగుచుండగా, ఆంధ్రప్రదేశమున నూటికి 42.4, తెలంగాణమున 60.7 అట్లు జరిగినవి. దేశమున ఏ రాష్ట్రమునకును తెలంగాణమునకు మించిన లెక్క లేదు. ఇన్ని ఆపరేషనులు అవసరమా యను ప్రశ్న వేఱు. దానిని మఱియొకనాడు చర్చింతము. ఆ బల్లపై పరుండిన తల్లి వెన్నులోనికి పోవు రెండు మిల్లీలీటర్ల మందును గుఱించి నేడు మేము ముచ్చటింప దలచినాము. సిజేరియన్ కాన్పులలో అధికభాగము వెన్నుమత్తుతోనే జరుగును. కావున ఇది వైద్యులు తమలో తాము మాటలాడుకొని విడువవలసిన విషయము కాదు. తెలుగునాట ప్రతి యింటి గడపకును సంబంధించినది.

వెన్నుమత్తు నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. 1898 ఆగస్టులో జర్మనీ దేశమందలి కీల్ నగరమున అవుగుస్ట్ బీయర్ అను శస్త్రవైద్యుడు వెన్నులోని ద్రవమునకు కొకెయిన్ మందు నెక్కించి, కాలికి నొప్పి తెలియకుండ ఆపరేషను చేసెను. ఆ నెలలోనే ఆయనయు, ఆయన సహాయకుడును ఒకరిపై నొకరు ఆ ప్రయోగమును పరీక్షించుకొనిరి. నాడు బీయర్ వెన్నున గ్రుచ్చిన సూదికి సిరంజి సరిగా అమరక మందంతయు బయటికి కాఱిపోయినదట. ఈ చిన్న సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొన గోరుచున్నాము. దీనితో మఱల పని పడును.

ఈ పద్ధతి వలని మేలు అపారము. తల్లి మెలకువతో నుండును. బిడ్డ మొదటి యేడ్పును తన చెవులార వినును. ఒడలంతటికి మత్తిచ్చుటలో గల ఊపిరి గండములు చాలవఱకు తప్పును. లక్షలాది తల్లులు దీని వలన క్షేమముగా ఇల్లు చేరుచున్నారు. ఈ వ్యాసము చదివి ఏ గర్భిణియు వెన్నుమత్తునకు వెఱవ నక్కఱలేదు. కాని మేలు ఎంత గొప్పదో, అందలి మెలకువయు అంత గొప్పదిగా నుండవలెను. సిరలోనికి ఎక్కించిన మందు దాదాపు అయిదు లీటర్ల నెత్తురులో కలిసి పలుచబడును. వెన్నులోని ద్రవమన్ననో, మెదడు చుట్టునున్నదానితో కలిపి నూటయేబది మిల్లీలీటర్లకు మించదు. అచట మందు నేరుగా నరముల మూలములనే తడుపును. ఇతరచోట్ల క్షమింపబడు పొరపాటు అచట క్షమింపబడదు.

ఇక రెండవ మందు కథ. కాన్పు తరువాత ఆగని నెత్తురు తల్లుల పాలిటి యముడు. గడ్డకట్టిన నెత్తురు త్వరత్వరగా కరిగిపోకుండ కాపాడు ట్రానెక్సామిక్ ఆమ్లము అను మందును 1962లో జపాను దేశమున ఒకామోటో దంపతులు కనుగొనిరి. చాలకాలము దీని విలువను లోకము పూర్తిగా గుర్తింపలేదు. కాన్పు రక్తస్రావమునకు లోనైన ఇరువదివేల పైచిలుకు స్త్రీలపై 21 దేశములలో జరిపిన మహాపరీక్ష ఫలితము 2017లో వెలువడినది. మూడు గంటలలోపల ఈ మందును సిరలోనికి ఇచ్చినచో, నెత్తురు పోయి చనిపోవు వారి సంఖ్య ఇంచుమించు మూడింట ఒకవంతు తగ్గునని తేలినది. ఆ సంవత్సరమే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని వాడుడని సిఫారసు చేసినది. ఇంతటి చవుకైన మందు ఇందఱి ప్రాణములు నిలుపుట వైద్యచరిత్రలో అరుదు. కావున కాన్పుగదిలోను, ఆపరేషను గదిలోను ఇది సిద్ధముగా నుండవలసినదే. ఈ విషయమున రెండవ మాట లేదు.

చిక్కు వచ్చినది ఇక్కడనే. వెన్నులోనికి పోవలసిన బుపివకెయిన్ మందు ఒక చిన్న గాజుబుడ్డిలో వచ్చును. మెడ విఱిచి తెఱచు ఈ బుడ్డినే ఆంపూల్ అందురు. సిరలోనికి పోవలసిన ట్రానెక్సామిక్ ఆమ్లమును తఱచు అట్టి ఆంపూల్‌లోనే వచ్చును. ఒకదానిలో నాలుగు మిల్లీలీటర్లు, మఱొకదానిలో అయిదు. రెండును నీటివలె తేటనివి. రెంటి పైనను అక్షరములు చీమల బారు. రెండును ఒకే గదిలో, ఒక్కొక్కచో ఒకే పళ్లెములో. ఒకటి వెన్నునకు అమృతము, మఱొకటి అదే వెన్నునకు కాలకూటము. దేవదానవులకు అమృతము పంచిన నాడు పంక్తిలో రాహువు దేవతల రూపున కూర్చుండెనని పురాణము చెప్పుచున్నది. సూర్యచంద్రులు పోల్చి చెప్పబట్టి గాని తెలియలేదు. మన ఆపరేషను గదులలో పోల్చి చెప్పు సూర్యచంద్రులెవరు?

మందు మాఱినచో ఏమి జరుగునో చెప్పుటకు మనసొప్పకున్నను చెప్పక తప్పదు. మన వెన్నుపామున కండరములను కదలించు సంకేతములే గాక, వానిని అదుపున నుంచు సంకేతములును ఉన్నవి. ట్రానెక్సామిక్ ఆమ్లము ఈ అదుపు సంకేతములను అడ్డగించును. పగ్గములు తెగిన గుఱ్ఱముల వలె నరములు విజృంభించును. కొలది నిమిషములలో వీపునందును, పిఱుదులయందును దారుణమైన నొప్పి పుట్టును. రావలసిన తిమ్మిరి రాదు. కాళ్లు ఎగిరెగిరి పడును. పిమ్మట ఒడలంతయు మూర్ఛలు క్రమ్మును. రక్తపు పోటు మిన్నంటును. గుండె లయ తప్పును. బిడ్డను జూచుటకై మెలకువతో నున్న తల్లి ఆ మెలకువతోనే ఈ యాతన ననుభవించును.

ఇట్టి ప్రమాదము 1988లోనే వైద్యపత్రికకు ఎక్కినది. 2019లో ఒక బ్రిటిషు వైద్యపత్రిక అంతవఱకు ప్రకటింపబడిన 21 సంఘటనలను ఒకచోట చేర్చి పరిశీలించినది. అందు 20 ప్రాణాపాయకరములు. 10 మంది మరణించిరి. దాదాపు అన్నిటను మూలకారణము ఒక్కటే: ఒక గాజుబుడ్డికి బదులు మఱొక గాజుబుడ్డి చేత చిక్కుట. 2020 డిసెంబరులో అమెరికా ఆహార ఔషధ పాలక సంస్థ హెచ్చరిక చేసినది. 2022 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థయు, ఈ రెండు మందులను వేఱువేఱుగా నుంచుడు, పేరు స్పష్టముగా నుంచుడు అని సర్వదేశములను హెచ్చరించినది. ఈ 21 అను అంకె జరిగిన ప్రమాదముల లెక్క కాదని పాఠకులు గ్రహింపవలెను. జరిగినదానిని వ్రాసి ప్రకటించు ధైర్యము గల వైద్యుల లెక్క అది. వ్రాయబడనివి ఎన్ని గలవో ఊహింపవలసినదే.

ఈ పొరపాటు చేయువారు అజ్ఞానులా? కారు. రెండు మందుల గుణములను నిద్రలో లేపి అడిగినను చెప్పగలవారే. కాని మనుష్యుని కన్ను ఎదుట నున్నదానిని గాక, ఉండునని తలచినదానిని చూచును. రోజునకు పదిసార్లు ఒకే చోటినుండి ఒకే బుడ్డిని తీయు చేతికి చదువు అలవాటు తప్పును. జిల్లా ఆస్పత్రిలో ఒకే మత్తువైద్యుడు ఒక బల్లనుండి మఱొక బల్లకు పరుగిడుచుండును. నర్సు ఒక్కతె నలుగురి పని చేయుచుండును. ఒకరు బుడ్డి విఱిచి పట్టుకొందురు, మఱొకరు సూదిలోనికి తీయుదురు. నీవు చూచితివని వారు, వారు చూచిరని వీరు. ఇద్దఱి కాపలాయే ఎవరి కాపలాయు లేకుండ చేయును. అందుచేత ఆ చేయి బుడ్డిని తాకక ముందే తప్పు సగము జరిగియున్నదని మేము చెప్పుచున్నాము. ఆ బుడ్డికి ఆ రూపు నిచ్చిన కార్ఖానాలో, ఆ రెంటిని ఒకే సొరుగున పెట్టిన గిడ్డంగిలో, చవుకను మాత్రమే చూచి కొనిన కచ్చేరీలో అది మొలకెత్తినది. తుదకు దాని ఫలము మాత్రము సూది పట్టినవాని చేతిలో పండినది.

చరిత్ర ఈ పాఠమును పలుమార్లు చెప్పినది. 1947 అక్టోబరు 13వ తేదీన ఇంగ్లండునందలి చెస్టర్‌ఫీల్డ్ ఆస్పత్రిలో ఇద్దఱు పురుషులకు చిన్న ఆపరేషనుల కొఱకు ఒకే దినమున, ఒకే వైద్యుడు వెన్నుమత్తు నిచ్చెను. ఇద్దఱికిని నడుము క్రిందిభాగము శాశ్వతముగా చచ్చుపడినది. ఆ గాజుబుడ్డులను శుద్ధికొఱకు ఫినాలు ద్రావకమున ముంచి యుంచిరనియు, కంటికి కనబడని బీటలగుండా విషము లోనికి ఇంకినదనియు న్యాయస్థానము నమ్మినది. సూదులను కాచు పాత్రలో మిగిలిన ఆమ్లమే కారణమని తరువాతి పరిశోధకులు కొందఱు తలచిరి. 1954లో అప్పీలు విచారించిన డెన్నింగ్ ప్రభువు, తరువాత తెలిసిన జ్ఞానముతో వెనుకటి పనిని దోషమనరాదని తీర్పు చెప్పి వైద్యుని నిర్దోషిగా నెంచెను. ఆ తీర్పు న్యాయమే. ఎవరికిని తెలియని ప్రమాదమునకు ఎవరిని శిక్షింతురు? అయినను ఆ సంఘటన వలని భయము బ్రిటనున ఏండ్ల తరబడి వెన్నుమత్తును వెనుకకు నెట్టినది. ఒక ప్రమాదము ఇద్దఱిని కుంటివారిని చేయుటతో ఆగదు. మంచి పద్ధతిపై నమ్మకమును గూడ కుంటి చేయును.

తరువాతి కథలయందు ఆ తెలియనితనపు సాకు లేదు. 2001లో నాటింగ్‌హామ్‌లో క్యాన్సరు నయమగు దశలో నున్న పదునెనిమిదేండ్ల యువకునికి, సిరలోనికే పోవలసిన విన్‌క్రిస్టిన్ మందు వెన్నులోనికి పోయినది. నెలదినములలో అతడు మరణించెను. అది మత్తుమందు కథ కాకున్నను, దారి అదే, దుర్గతియు అదే. అది అంతకు ముందే లోకమున పలుమార్లు జరిగిన పొరపాటు. 2010లో సిడ్నీ నగరమున ప్రసవవేదన పడుచున్న యువతికి, వెన్ను దగ్గఱి గొట్టములోనికి ఉప్పునీటికి బదులు చర్మమును కడుగు క్లోర్‌హెక్సిడిన్ మందు పోయినది. రెండును పేరు వ్రాయని ఒకే తీరు గిన్నెలలో ప్రక్కప్రక్కన నుండెను. ఆమె నరములు చెడి నడక పోయినది. గాజుబుడ్డి యైననేమి, గిన్నె యైననేమి, సిరంజి యైననేమి? వెన్నున పోరాని వస్తువును వెన్నునకు చేతిదూరమున నుంచుటయే ఈ కథలన్నిటి ఆదిపర్వము.

ఇక శిక్ష మాట. ఇట్టి వార్త పొక్కగానే మన సంఘమున రెండు విపరీతములు పుట్టుచున్నవి. ఒకటి, ఆస్పత్రి అద్దములు పగులగొట్టి వైద్యుని వెంటాడుట. రెండవది, ఆస్పత్రివారు కాగితములు సరిచేసి, గుండె యాగినదని ఒక మాట చెప్పి, శవము నప్పగించుట. మొదటిదానికి రెండవదియు, రెండవదానికి మొదటిదియు ఊతము. దాచెదరను అనుమానము గుంపును రేపుచున్నది. గుంపు భయము దాపఱికమును పెంచుచున్నది. 2005లో జేకబ్ మాథ్యూ కేసునందు సుప్రీంకోర్టు, వైద్యుని నేరస్థునిగా నిలుపవలెనన్న సాధారణమైన పొరపాటు చాలదు, ఘోరమైన అలక్ష్యము ఉండవలెనని చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహిత 106వ సెక్షను, చికిత్స చేయుచు అలక్ష్యము వలన మరణమునకు కారకుడైన రిజిస్టరు వైద్యునికి రెండేండ్ల వఱకు జైలును, జుర్మానాను విధించుచున్నది. నష్టపరిహారమునకు వినియోగదారుల న్యాయస్థానముల తలుపు 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో తెఱచియే యున్నది.

చట్టము చట్టముగా నడువవలసినదే. బుడ్డిపై పేరు చదువకుండ సూది గ్రుచ్చినవానిని మేము వెనుకవేసికొని రాము. తల్లిని పోగొట్టుకొన్న పసికూనకు, భార్యను పోగొట్టుకొన్న భర్తకు జరిగినది జరిగినట్లు తెలిసికొను హక్కు కలదు; నిజము చెప్పుట దయ కాదు, ఋణము. కాని ఒక వైద్యుని జైలుకు పంపి చేతులు దులుపుకొన్న నాడు, అవే రెండు బుడ్డులు అదే సొరుగున తరువాతి తల్లి కొఱకు కాచుకొని యుండును. శిక్ష నిన్నటికి సమాధానము చెప్పును. రేపటికి సమాధానము వేఱొకచోట వెదుకవలెను.

ఆ వెదుకవలసిన చోటులు దూరమున లేవు. మొదటిది ఆపరేషను గది. ట్రానెక్సామిక్ ఆమ్లమును మత్తుమందుల పళ్లెమునుండి, సొరుగునుండి తొలగించి వేఱుచోట నుంచవలెను. వెన్నునకు మందు తీయునప్పుడు, ఇచ్చువాడే బుడ్డిపై పేరును తన కంట చదువవలెను. రెండవవారు బిగ్గఱగా చదివి వినిపింపవలెను. దీనికి ఖర్చు కాని లేదు. అర నిమిషము కాలము చాలును. సూదిలోనికి తీసిన ప్రతి మందుకును పేరు చీటి అంటింపవలెను. మందు ఎక్కించిన పిమ్మట తిమ్మిరి రాక నొప్పియు, కాళ్ల యెగురుపాటును కనబడినచో, వెంటనే విఱిచిన బుడ్డులను వెదకి చూడవలెను. మత్తు చాలలేదని తలచి ఆపరేషనునకు తొందరపడరాదు. మూర్ఛల నణచి, ఊపిరి నిలిపి, అవసరమైనచో వెన్నులోని ద్రవమును తీసి కడుగుట వలన బ్రతికినవారు కలరు. కాని అందులకు నిమిషముల విలువ తెలిసిన చేతులు కావలెను. అవి భయముతో వణకు చేతులు కారాదు.

రెండవది మందుల కార్ఖానా. సిరలోనికి మాత్రమే పోవలసిన మందు, వెన్నునకు పోవు మందు పోలిక గల బుడ్డిలో ఏల రావలెను? రబ్బరు మూతగల సీసాలో రాగూడదా? సిరకు మాత్రమే యను మాట పెద్ద అక్షరములతో ఏల నుండరాదు? 1940 నాటి ఔషధముల చట్టము క్రింద చీటీలపై ఏమేమి వ్రాయవలెనో నియమములు కలవు. పేరు ఉండవలెనన్న నియమము చాలదు. హడావిడిలో నున్న కంటికి ఒకదానికొకటి వేఱుగా తోచవలెనన్న నియమము కావలెను. హైదరాబాదు దేశమునకే గాక పరదేశములకును మందులు చేసి పంపు నగరమని మనము గర్వించుచున్నాము. ఆ గర్వమునకు తగిన పని ఇది.

మూడవది ప్రభుత్వముల కొనుగోలు కచ్చేరీ. రెండు తెలుగు రాష్ట్రములును ప్రభుత్వ ఆస్పత్రులకు మందులను టెండరుల మూలమున కొనుచున్నవి. టెండరు మాఱినపుడు బుడ్డి రూపును మాఱును. నిన్న వేఱుగా నున్నవి నేడు కవల పిల్లలగును. ధర చూచు గుమాస్తా ప్రక్కన, ఆ రెండు బుడ్డులను బల్లపై పెట్టి చూచు ఒక మత్తువైద్యుని కూర్చుండబెట్టుటకు ఏ క్రొత్త శాసనమును అవసరము లేదు. రెండు ప్రభుత్వములు ఇట్టి షరతు విధించినచో కార్ఖానాలు తమంతట తామే దారికి వచ్చును.

ఇక బీయర్ దొర సూది మాట. నాడు సిరంజి సూదికి అమరక ప్రయోగము చెడినది. నేడు ఆ కొఱత తీరినది. ఏ సిరంజి యైనను ఏ సూదికైనను అమరును. ఆ సౌకర్యమే గండమైనది. వెన్నుసూదికి సిరకు వాడు సిరంజి పట్టకుండ వేఱు అమరిక నేర్పరచు అంతర్జాతీయ ప్రమాణము 2016లో వచ్చినది. 2025 జనవరి 31లోగా దీనికి మాఱుడని ఇంగ్లండు ఆరోగ్యశాఖవారు తమ ఆస్పత్రుల నాదేశించిరి. మన దేశమును ఆ దారిన నడువవలసినదే. సిరకై నింపిన సిరంజి వెన్నునకు పోకుండ అది ఆపును. కాని గాజుబుడ్డియే మాఱినచో ఆ అమరికయు అడ్డుపడదు. తప్పు మందు సరియైన సిరంజిలో సాఫీగా పోవును. కావున యంత్రము వచ్చును, అన్నియు చక్కబడునని ఎదురు చూచుచు కూర్చుండరాదు. బుడ్డిని వేఱుపఱచుటయే ముందటి పని.

తుదకు ఒక పాత ముచ్చట. 1888లోను, 1889లోను హైదరాబాదు నగరమున క్లోరోఫారము మత్తునకు రోగు లేల చనిపోవుచున్నారో తేల్చుటకు రెండు కమిషనులు కూర్చుండినవి. రెండవదానికి విలాయతునుండి నిపుణుని రప్పించుటకై నిజాము ప్రభుత్వము వెయ్యి పౌనుల నిచ్చినది. శ్వాసను కాచినచో చాలును, గుండెకు భయము లేదని వారు చేసిన నిర్ణయము తప్పని తరువాతి పరిశోధనలు తేల్చినవి. అయినను వారు వేసిన ప్రశ్న తప్పు కాదు. బల్లపై రోగి యేల చనిపోయెనని బహిరంగముగా అడిగి, ఖజానానుండి సొమ్ము తీసి, సమాధానమును లోకమంతయు చదువునట్లు ప్రకటించిరి. నాటి ఆ ప్రశ్న నేడు అడుగువారేరీ? మందు మాఱిన ప్రతి సంఘటనను, ప్రాణము పోయినను పోకున్నను, పేర్లు విడిచి నిజమును విడువక నమోదుచేసి ప్రకటించు ఏర్పాటు రెండు రాష్ట్రములును చేయవలెను. ప్రాణము పోకుండ తప్పిన పొరపాటు ఈశ్వరుడు చేసిన హెచ్చరిక. దానిని వ్రాసికొననివాడు రెండవ హెచ్చరికకు అర్హుడు కాడు.

మేము కోరునది అలవికానిది కాదు. రెండు మందులకు రెండు రూపులు, రెండు చోటులు. ఒక పేరును బిగ్గఱగా చదువు రెండు గొంతులు. ఇంతే. అమ్మకు మెలకువ నిచ్చి నొప్పి తీయవచ్చినవారు తామును మెలకువతో నుందురు గాక.